పిడికెడు తెల్ల ఇసుక

నన్ను కన్న అవ్వ ఇసుక కడిగిన మరిగె ఐలవ్వ చేతికి వచ్చిన ఏడాది వాగు ఆలస్యంగా తగ్గింది. దసరా వెళ్లిపోయింది, దీపావళి దగ్గర పడింది, అయినా మోకాలి లోతు నీళ్లు పారుతూనే ఉన్నాయి. హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వస్తున్నదని మంథని పోయొచ్చినవాళ్లు చెప్పుకునేవారు. మా ఇంట్లో మాత్రం ఎదురుచూపంతా వాగు మలుపు ఎప్పుడు బయటపడుతుందా అనే.

మేం ముద్ద కమ్మర్లం. మామూలు కమ్మరి తయారైన ఇనుమును కొలిమిలో కాల్చి సాగగొడతాడు. మేం ఇసుకలోంచి ఇనుమును తీసేవాళ్లం. వానాకాలంలో వాగు గుట్టల మీది నుంచి నల్ల ఇసుక తెచ్చి, మలుపు లోపలి ఒడ్డున పరిచి పోతుంది. ఎవరో కాటుక ఆరబోసినట్టు ఉంటుంది చూడ్డానికి. దాన్ని తవ్వి, నీళ్లలో కడిగి, తెల్లదాన్ని పోగొట్టి, మిగిలిన నల్లదాన్ని కట్టెబొగ్గుతో మట్టి బట్టీలో కాలిస్తే అడుగున ముద్ద కడుతుంది. ఆ ముద్దే ఇనుము.

తవ్వడం, బట్టీ కట్టడం, తిత్తులు ఊదడం మగవాళ్ల పని. కడగడం ఆడవాళ్లది. కడిగిన గంపలో మగవాడు చెయ్యి పెట్టకూడదు. బట్టీ నోట్లో పోసేది కూడా కడిగిన మనిషే. ఎందుకట్లా అని ఎవరూ అడిగినట్టు నాకు తెలియదు.

ఆ ఏడాది శ్రావణంలోనే అవ్వ జ్వరంతో పోయింది. బుచ్చవ్వ ఆమె పేరు. ముప్పై ఏళ్లు మంటలోకి చూసీ చూసీ మా బాపు, అంటే నాయన, కళ్లకు పొర కమ్మింది. మంట రంగు పోల్చుకునేవాడు, నడకను బట్టి మనిషిని గుర్తుపట్టేవాడు. నల్ల ఇసుకలో తెల్ల రేణువు ఉన్నదో లేదో మాత్రం ఆయనకు కనపడేది కాదు. అవ్వ ఉన్నన్నాళ్లు ఆయనకు ఆ అవసరమూ పడలేదు. మా వాడకట్టులో ఏడిళ్లు ఉండేవి. ఆరిళ్లవాళ్లు అప్పటికే బొగ్గుబాయిలకు, గనుల పనికి, పోయారు. అడుగుదామంటే కడగడం తెలిసిన ఆడమనిషి చుట్టుపక్కల లేదు.

ఐలవ్వ నా భార్య. ఆ ఎండాకాలంలోనే హుజూరాబాద్ దిక్కు నుంచి కాపురానికి వచ్చింది. వాళ్ల నాయన పట్టాల ముక్కలు, బండి ఇరుసులు కొని కొడవళ్లు సాగగొట్టే కమ్మరి. ఇసుకలోంచి ఇనుము వస్తుందని ఆమె మా ఇంటికి వచ్చాకే తెలుసుకుంది.

ఒక పొద్దున భూమన్న పటేలు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. నాలుగు నాగళ్ల వ్యవసాయం ఆయనది.

"హనుమండ్లూ, బజారు ఇనుము కర్రు మా రేగడి చేన్ల నాలుగు సాళ్లు దున్నకముందే మొండిబోతున్నది," అన్నాడు బాపుతో. "నీ కర్రు మా బాపు దున్నిండు, నేను దున్నుతున్న. గని జంగ్లాతోళ్లు అడవిల బొగ్గు కాల్చనియ్యమంటున్రు. కొత్త కానూనట. కాళ్లేళ్లు పట్టుకొని ఈ ఒక్క బట్టీకి సెలవు తెచ్చిన. ముద్ద మంచిగ దిగిందనుకో, చేత పట్టుకపోయి తాసీల్ల పెద్దసారు బల్ల మీద పెడ్త. ఇగో సారూ, వీళ్ల పని గిది, ఏటేట సెలవియ్యుండ్రి అంట."

"దిగకపోతే?" అన్నాడు బాపు.

"దిగకపోతే ఏం ముఖం పెట్టుకొని అడుగుదు, నువ్వే చెప్పు." భూమన్న ఇంట్లోకి తొంగి చూశాడు. "కోడలు కొత్తదాయె. గాలించుడు ఎరుకేనా ఆ పిల్లకు?"

లోపలి నుంచి ఐలవ్వే జవాబు చెప్పింది. "బియ్యం గాలించుడు ఎరుకే పటేలా. అవి తెల్లగుంటయి, ఇవి నల్లగుంటయి. గంతేగద!"

భూమన్న తలపాగా ఊడేటట్టు నవ్వాడు. బాపు నవ్వలేదు. పటేలు వెళ్లిపోయాక మా ఇద్దరినీ పిలిచి ఒక్కటే మాట చెప్పాడు. "దిగితే ఉంటం. దిగకపోతే మనం గూడ బాయికే."

కార్తీకం మొదట్లో మలుపు బయటపడింది. నేను తవ్వి, గంపలకెత్తి, దోనె దగ్గర పోసేవాణ్ని. దోనె అంటే ఇప్పచెట్టు మొద్దును నిలువునా తొలిచిన కాలువ. దాన్ని పారే నీళ్లలో కొంచెం వాలుగా నిలిపి, పైకొసన ఇసుక పోసి, ప్రవాహానికి ఎదురు చేత్తో కదుపుతూ ఉండాలి. తేలికైన తెల్లది నీళ్ల వెంట జారిపోతుంది, బరువైన నల్లది అడుగున పెట్టిన గడ్డికట్టలకు ఆగుతుంది. అట్లా ఆగినదాన్ని మరిగెలోకి తీస్తారు. మరిగె అంటే కర్రలో తొలిచిన వెడల్పాటి పళ్లెం. నీళ్లలో ముంచి, గుండ్రంగా తిప్పి, ఒక పక్కకు ఒంపుతూ ఉంటే మిగిలిన తెల్లది అంచు దాటి పోతుంది.

బాపు ఒడ్డు మీద బండపై కూర్చొని చెవితో నేర్పేవాడు.

"సప్పుడు విను బిడ్డా. తెల్లది పోయేటప్పుడు గలగల అంటది. నల్లది మిగిలినంక మెత్తగైతది, పట్టుబట్ట గుంజినట్టు. సప్పుడు మారిందా ఇగ ఆపాలె."

"మారలే మామా."

"మారింది. నాకినవడ్డది."

"నీకు మీది నుంచి ఇనవడుతున్నది. నాకు చేతికి ఇంక గరగర తగులుతున్నది."

బాపుకు ఎదురు చెప్పిన మనిషిని మా ఇంట్లో అదే మొదటిసారి చూడడం. ఆయన చుట్ట వెలిగించుకొని ఇంటికి పోయాడు. ఆ మరుసటి రోజు నుంచి ఆమె చేతికి ఆమెనే వదిలేశాడు.

అది మొదలు వాగులో మేమిద్దరమే. ఐలవ్వ చీర మోకాళ్ల దాకా ఎగగట్టి నీళ్లలో నిలబడేది. ఉడుత తోకంత జడ ముందుకు పడితే పళ్లతో పట్టుకునేది. నేను గంప దించి మళ్లీ తవ్వడానికి పోయేలోపల ఏదో ఒక మాట విసిరేది. నాకు జవాబు తట్టేసరికి ఇంకో గంప నిండేది.

"నీ నోట్ల మాటలు ఎవరన్న గాలించుకపోయిన్రా ఏంది? ఒక్కటి మిగల్లే!"

నేను నవ్వాను.

"నవ్వు మిగిలింది. సాలు తియ్యి," అన్నది.

ఒకనాడు తన చేతి గొప్ప చెప్పింది. "మా అవ్వగారింట్ల నేను గాలించిన బియ్యంల రాయి దొరికితే మీసం తీసేస్త అన్నడు మా బాపు. ఇప్పటికి మీసం గట్లనే ఉన్నది. పెండ్లిల చూసినవుగద?"

"చూసిన."

"హమ్మయ్య! మూడచ్చరాల మాట వచ్చింది. ఇయ్యాల వాన వడ్తది."

పొద్దు వాలే వేళ నీళ్ల మీద వెలుగు ఆమె మెడ మీద ఆడేది. ఆమె అట్లా వంగి మరిగె తిప్పుతుంటే దోనె పక్కన నిలబడి ఎంతసేపైనా చూసేవాణ్ని. నా బతుకులో మంచి రోజులు ఏవని ఎవరైనా అడిగితే ఆ ఇరవై రోజులే చెబుతాను. అప్పుడు మాత్రం నాకు ఆ సంగతి తెలియదు.

తెలియకపోవడానికి కారణం పర్శరాములు. మా వాడకట్టువాడే, నా ఈడువాడు. రెండేళ్ల కిందట బెల్లంపల్లి పోయి బాయిలో కుదిరాడు. ఆ కార్తీకంలో ఇంటి పైకప్పు చూసుకుపోదామని వచ్చి, నేరుగా వాగు దగ్గరికి నడిచి వచ్చాడు. కాళ్లకు మేకుల బూట్లు. రాళ్ల మీద నడుస్తుంటే టకటకమని మోత.

"ఇంక ఇసుక కడుగుతున్రార? మేం దీపం నెత్తి మీద పెట్టుకొని భూమిలకు పోతం. లోపల రైలే ఉంటది, తెలుసా? చిన్న రైలు."

"బొగ్గు గూడ కడుగుతరా?" అడిగింది ఐలవ్వ.

"బొగ్గునెవరు కడుగుతరు చెల్లె? తవ్వుడు, నింపుడు. ఎనిమిది గంటలు కాంగనే కూత వేస్తరు, ఇంటికొస్తం. కూత వేసినంక నీ బతుకు నీది."

వాడు నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నప్పుడు బూట్లు ఒడ్డున ఉన్నాయి. నేను ఒకటి తీసి కాలు దూర్చాను. లోపల వెచ్చగా ఉంది. లేచి రెండడుగులు వేశాను. నా అడుగుకు అంత చప్పుడు ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

"బూట్లేసుకొని వాగుల దిగుతవా?" అన్నది ఐలవ్వ. నవ్వుతూనే అన్నది. పర్శరాములు పోయినాక నవ్వకుండా అన్నది. "నాకైతే గీ వాగు ఇడిచి యాడికి పోబుద్ది కాదు. ఆడ భూమిల నువ్వుంటే మీద నేనేం చెయ్యాలె?"

నేను పలుగు తీసుకొని తవ్వడానికి పోయాను.

ఆమె కష్టం చెప్పాలి. గంపలు నిండినాక కూడా ఆమెకు తృప్తి లేదు. బట్టీకి ఇంకా రెండు రోజులుండగా నిండిన గంపలన్నీ మళ్లీ వాగులోకి మోయించింది. ప్రతి మరిగెనూ మళ్లీ కడిగింది. వేళ్ల కొసలు నాని తెల్లగా ముడతలు పడ్డాయి. ఆఖరి మరిగె నా ముందు ఎత్తి పట్టింది.

"సూడు. ఒక్క తెల్లది చూపియ్యి, నా పేరు మార్చుకుంట."

చూశాను. కాకి రెక్క మీద ఎండ పడ్డప్పటి నలుపు. తెల్ల రేణువు ఒక్కటంటే ఒక్కటి లేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఇదే మలుపులో, ఇదే మరిగెతో అవ్వ కడుగుతుంటే పక్కన కూర్చునేవాణ్ని. గంప నిండినాక అవ్వ దోనె కింది కొస దగ్గర వంగి, పోయిన తెల్ల ఇసుకలోంచే పిడికెడు తీసి నల్లదాని మీద చల్లి కలిపేది. కష్టపడి తీసేసి మళ్లీ ఎందుకు కలుపుతున్నవని అడిగాను.

"పిడికెడు తెల్లది ఉండాలె కొడుకా. మంటల అది కరిగి చిట్టెమై కారిపోతది. పోతూ పోతూ నల్లదాన్నంత ఒక్క దగ్గరికి తెస్తది. ఉత్త నల్లదైతే నల్లగనే మాడుతది."

"బాపుకు ఎరుకేనా?"

"ఆయనకెందుకు? ఆయన పని మంట."

అది అవ్వ నాతో చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదు.

ఐలవ్వ మరిగె పట్టుకొని నా ముఖం చూస్తున్నది. నీళ్లు ఆమె మోచేతుల నుంచి కారుతున్నాయి. ఇంత శుభ్రం ఈ వాగులో ఎవరూ చెయ్యలేదన్న సంబరం ఆమె కళ్ల నిండా ఉంది. ఆ సంబరాన్ని చెడగొట్టడానికి మనసు రాలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట అబద్ధం కాదు. బూట్ల చప్పుడు కూడా అబద్ధం కాదు. రెండింట్లో ఏది బరువో ఇప్పటికీ తేల్చుకోలేను.

"మంచిగున్నది," అన్నాను.

బట్టీ రోజు తెల్లవారకముందే బాపు మట్టి గొట్టాలు సరిచూసి, నిప్పు పెట్టడానికి కూర్చున్నాడు. గంపలు వరుసగా ఉన్నాయి. ఐలవ్వ తలంటుకొని, పసుపు రాసుకొని వాటి పక్కన నిలబడింది. బాపు గంపల దిక్కు తల తిప్పాడు. కంటికి ఆనదు, చెయ్యి పెట్టకూడదు కదా, నన్ను పిలిచాడు.

"కొమురెల్లీ. అవ్వ గంపలు చూసుకుంట పెరిగినోనివి. గిది అవ్వది ఉన్నట్టే ఉన్నదా?"

"ఉన్నది బాపూ."

ఆయన నిప్పు పెట్టాడు.

మధ్యాహ్నం దాకా తిత్తులు తొక్కాను. ఐలవ్వ ఒక చాట బొగ్గు, ఒక దోసెడు ఇసుక పోస్తూ వచ్చింది. మంట రంగు బాగుందని బాపు రెండు సార్లు అన్నాడు. పొద్దు పడమటికి తిరిగినాక బట్టీ అడుగున మట్టి బిరడా కొట్టాడు. అప్పుడు చిట్టెం ఎర్రగా, బెల్లం పాకంలా కారుతూ రావాలి. అవ్వ ఉన్నప్పుడు అది నేల మీద పాకుతుంటే మేం ఎగిరి పక్కకు జరిగేవాళ్లం.

ఏమీ రాలేదు.

బాపు చువ్వ పెట్టి పొడిచాడు. చువ్వ కొసకు పొడి పొడిగా నల్లని రవ్వలు అంటుకొచ్చాయి. "ఇంకొంచెం ఊదు," అన్నాడు. ఊదాను. ఉన్న బొగ్గంతా పోశాం. భూమన్న కూడా వచ్చి నిలబడ్డాడు. ముద్దను కట్టుకుపోవడానికి కొత్త గోనెసంచి తెచ్చాడు.

బట్టీ పగలగొట్టినప్పుడు అడుగున ముద్ద లేదు. మాడిన జొన్న గట్కలాంటి పెళ్లలు, చేత్తో నలిపితే రాలే గుల్లలు. భూమన్న వాటిని కాలితో కదిపి చూసి, గోనెసంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "బొగ్గు పచ్చిదేమో హనుమండ్లూ," అని, బాపు జవాబు కోసం చూడకుండా నడిచిపోయాడు.

ఐలవ్వ అక్కడే నేల మీద కూలబడింది. "నేను మంచిగనే కడిగిన మామా. ఒక్క తెల్లది గూడ లేకుండ కడిగిన."

బాపు ఒక పెళ్లను రెండు వేళ్ల మధ్య నలిపాడు. వాసన చూశాడు. తర్వాత ఆమె తల ఎక్కడుందో తడిమి, చెయ్యి పెట్టాడు.

"నీ చేతిల తప్పు లేదు బిడ్డా. మా బుచ్చవ్వ ఏదో చేసేది. ఏందో నేను ఎన్నడు అడగలే. నీకు చెప్పేటోళ్లు లేకపాయె."

నేను తిత్తుల దగ్గర నిలబడి ఉన్నాను.

వారం తిరగకముందే బెల్లంపల్లికి బండి కట్టాం. మంచిర్యాల దాకా బండి, అక్కడి నుంచి రైలు. దోనెను మోసుకుపోలేక వాగు ఒడ్డునే బోర్లించి వచ్చాం. మరిగె మాత్రం ఐలవ్వ ఒళ్లో పెట్టుకుంది.

బాయి దగ్గర నాకు బూట్లు ఇచ్చారు. భూమిలోకి దిగాక వాటి చప్పుడు నాకే వినపడలేదు, అంత మోత అక్కడ. బాపుకు పలుగులు పదును పెట్టే కొట్టంలో పని దొరికింది. వచ్చిన ఇనుమునల్లా వేలితో మీటి, "గిది మనది గాదు," అనేవాడు. పదేళ్లు అదే మాట అన్నాడు.

ఐలవ్వ మారింది. నోరు తగ్గిందని కాదు. కంపెనీ ఇళ్ల లైన్లోని ఆడవాళ్లతో మాట్లాడేది, తగువులూ పడేది. తన చేతి మీదే తనకు నమ్మకం పోయింది. అవ్వ మరిగెలో బియ్యం గాలించేది. ఇది వరకు రాయి దొరికితే మీసం తీస్తానన్న మనిషి బిడ్డ, ఇప్పుడు మధ్యలో ఆగి నన్ను పిలిచేది.

"ఓ మనిషీ, జర సూడు. సాలా, ఇంక తియ్యాల్నా?"

నా కన్ను మీద ఆమెకు గురి. నేను లేచి పోయి, పక్కన కూర్చొని, మరిగెలోకి వంగి చూసేవాణ్ని. నీళ్లలో తెల్లగా బియ్యం, ఆమె తడి చేతులు. "సాలు," అనేవాణ్ని. అప్పుడే ఎసట్లో పోసేది. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. నేను డ్యూటీ నుంచి రాకపోతే నానబెట్టి ఉంచేది కానీ పొయ్యి మీద పెట్టేది కాదు. ఆ పిలుపు విన్నప్పుడల్లా గుండెలో ఏదో గరగర తగిలేది. అయినా ఆ పిలుపు కోసమే ఇంటికి వచ్చేవాణ్ని.

బాపు పోయిన ఏడాది, బూడిద మంథని దగ్గర గోదావరిలో కలిపి, బస్సుకు ఇంకా పొద్దున్నదని ఇద్దరం వాగు దిక్కు నడిచాం. మలుపు లోపల నల్ల ఇసుక ఎవరూ ముట్టుకోక మోకాలెత్తు పేరుకొని ఉంది. మా దోనెను ఎవరో పశువుల కుడితికి తీసుకుపోయారు. ఐలవ్వ గట్టు దిగి, చీర ఎగగట్టి నీళ్లలోకి పోయింది. సద్ది తెచ్చుకున్న సత్తుగిన్నెలో ఇసుక తీసుకొని తిప్పడం మొదలుపెట్టింది. చెయ్యి ఏదీ మరిచిపోలేదు. జడలో అక్కడక్కడ తెల్ల వెంట్రుకలు. పళ్లతో పట్టుకోవాలని వంగింది, జడ అంత పొడుగు లేదు. నవ్వింది. పదకొండేళ్ల తర్వాత ఆ నవ్వు చూశాను.

సప్పుడు మారింది. ఈసారి నాకు కూడా వినపడింది. ఆమె అలవాటు కొద్దీ గిన్నె నా దిక్కు ఎత్తింది.

"సూడు. సాలా, ఇంక తియ్యాల్నా?"

అంచు వెంట సన్నగా తెల్లది మిగిలి ఉంది. సాలు అని ఊరుకోవచ్చు. ఆమె నవ్వు చూసి నాకు ఏమైందో తెలియదు, ఇంకో మాట వచ్చింది.

"ఆపు. గా తెల్లది పిడికెడు ఉండనియ్యి. మా అవ్వ గట్లనే ఉంచేది."

ఆమె గిన్నెలోకి చూసింది. తలెత్తకుండానే అడిగింది.

"నీకెప్పటి సంది ఎరుక?"

"చిన్నప్పటి సంది."

"మామకు చెప్పినవా?"

"లే."

గిన్నె నెమ్మదిగా ఒంపింది. తెల్లది ముందు పోయింది, నల్లది తర్వాత పోయింది. గిన్నె కడిగి, తుడిచి, మూటలో పెట్టుకుంది.

"నడువు. బస్సు పోతది," అన్నది.

దారిలో ఒక్క మాట తిట్టలేదు. ఇంటికి వచ్చినాక కూడా తిట్టలేదు. వేళకు పెడుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. అన్నంలో రాయి ఉండదు.

ఇప్పటికీ పొద్దున పొయ్యి దగ్గర మరిగె చప్పుడు వినపడగానే చేతిలో పని ఆపుతాను. నీళ్లు తిరుగుతాయి. ఒక పక్కకు ఒంపిన చప్పుడు. మళ్లీ నీళ్లు, మళ్లీ ఒంపు. గరగర పోయి మెత్తబడుతుంది. ఇక ఆపాలి. ఆపుతుంది. నేను లేవడానికి మోకాళ్ల మీద చెయ్యి పెట్టుకుంటాను.

బియ్యం ఎసట్లో పడిన చప్పుడు వస్తుంది.